గాడిద పాటకు ముక్తాయింపు

సెల్‌ఫోన్ ఆటకు పాట కట్టినవాళ్ళలో, హిందూపురం నుంచి ధర్మవరం దాకా రైలు పట్టాలకు ఈ పక్కా ఆ పక్కా వెతికినా, నాకంటే ముందు ఎవరూ లేరు. కావాలంటే విచారించుకోండి. బెంగళూరు కంపెనీవాళ్ళు పాట గురించి మా ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశారు. ఐదో తరగతితో చదువు ఆపిన మనిషికి, అందులోనూ ఆ ఐదో తరగతి కూడా మా నాయన మీద గౌరవంతో అయ్యవారు దాటించిన మనిషికి, ఇది చిన్న సంగతి కాదు.

నా పేరు ఆంజనప్ప. ఉండేది పెనుకొండ. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్ళూ పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించాను. రొళ్ల, అగళి, గుడిబండ వైపు పల్లెల్లో చేలో పని లేని నెలల్లో రైతులు నాటకం నేర్చుకుంటారు. దానికి మాస్టరును పిలిపించుకుంటారు. నేను పోయి ఆ ఊళ్ళోనే ఉండి, పగలంతా మడక దున్ని వచ్చినవాడి గొంతులో పద్యం ఎక్కించి, వాణ్ణి స్టేజీ ఎక్కించి, తిరిగి వచ్చేవాణ్ణి. తెలుగు ఊరైతే తెలుగు నాటకం, కన్నడ ఊరైతే కన్నడ నాటకం. గాడిద చేత కూడా రాగం పలికించగలడని నాకు పేరు. ఇప్పుడు చెప్పబోయేది కూడా గాడిద సంగతే. కాకపోతే అది ఫోన్లో ఉండే గాడిద.

రెండు వేల ఆరో సంవత్సరం. అప్పటికి పల్లెల్లో నాటకాలు తగ్గిపోయాయి. నా హార్మోనియం పెట్టె మీద మా ఇంటామె కుళ్ళాయమ్మ వడియాల మూటలు పెట్టడం మొదలుపెట్టింది. మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒకటే గోడ. పక్కింట్లో సాల్మన్ ఉంటాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల వెంట నడిచి నడిచి మాట కూడా వంకర లేకుండా మాట్లాడే మనిషి. అతని కూతురు ఝాన్సీ డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉండేది. చిన్నప్పటి నుంచి చర్చిలో కీబోర్డు వాయించేది ఆ పిల్లే.

ఒకరోజు పొద్దున లేచినప్పటి నుంచి ఆ గోడ అవతల ఒకే ముక్క మోగుతోంది. అయిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. మధ్యాహ్నం దాకా ఓర్చుకుని, పంచె ఎగ్గట్టి పోయాను.

"ఏమ్మే ఝాన్సీ, నీ క్యాసెట్టు తెగిందా, లేకుంటే నీకు మతి తప్పిందా? పొద్దన్నుంచి ఒకటే ముక్క. మీ అవ్వకు తలనొప్పి లేసింది."

"క్యాసెట్టు కాదు తాతా, ఆటకు పాట. ఫోన్లో ఆడుకునే ఆట ఉంటాది సూడు, దానికి."

"ఆటకు పాట ఎందుకే? ఆడేవాడు ఆడుకుంటాడు కదా."

"నాటకానికి హార్మోనియం ఎందుకు? మాట్లాడేవాడు మాట్లాడుకుంటాడు కదా."

ఎగ్గట్టిన పంచె దించుకుని కూర్చున్నాను.

ఆ పిల్ల సరంజామా చూస్తే నవ్వొచ్చింది. హిందూపురంలో ఒక కంప్యూటర్ ట్రైనింగ్ సెంటరు మూతపడినప్పుడు సాల్మన్ తెచ్చిన పాత కంప్యూటరు. దాని పెట్టెకు పక్క రేకు లేదు, లోపల ఫ్యాను తిరిగేది బయటికే కనబడేది. కీబోర్డు చర్చిది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారిని అడిగి ఇంటికి తెచ్చుకుని, శనివారం సాయంత్రానికి మళ్ళీ సైకిల్ వెనక కట్టి చేర్చాలి. కీబోర్డును కంప్యూటరుకు కలిపే వైరు విడిగా కొనాలట. అది కొనలేదు. కీబోర్డు మీద పాటను వెతికి పట్టుకోవడం, కంప్యూటర్లో ఒక్కొక్క స్వరాన్నీ మౌసుతో చుక్క పెట్టినట్టు పెట్టడం. మా ఇంటామె వాకిట్లో ముగ్గు వేసినట్టే ఉండేది. ఆ పని చేసే సాఫ్ట్‌వేరు ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోది. హెడ్‌ఫోన్ నా నెత్తిన పెట్టింది. ఎడం పక్క పలకడం లేదు.

"దీనికి ఒక చెవి పని చెయ్యదేమే."

"నీకూ అంతే కదా తాతా. నువ్వు హార్మోనియం వాయించలే?"

శివకృష్ణ అని హిందూపురం పిల్లవాడు, కాలేజీలో ఈమెకంటే పైతరగతి, బెంగళూరులో ఫోన్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేసేవాడు. గీతలు పడిన, సిమ్ లేని ఒక ఫోను, అందులో శబ్దం లేని ఒక ఆట, కంప్యూటరు నుంచి ఫోనులోకి పాట ఎక్కించే కేబులు ఈమెకు ఇచ్చిపోయాడు. ఆ ఆటలో ఒక గాడిద మూట మోసుకుంటూ గుట్ట ఎక్కుతుంది. పైనుంచి బండలు దొర్లుతాయి. మీట నొక్కితే ఎగురుతుంది, నొక్కకపోతే పడుతుంది. అంతే. పాట నచ్చితే తీసుకుంటారు, తర్వాతి ఆటలకు కూడా ఈమెనే అడుగుతారు. నచ్చకపోతే గడియారం అలారంలాంటి బీప్ శబ్దాలు పెట్టుకుంటారు.

ఫోనులో చోటు తక్కువ కాబట్టి పాట చాలా చిన్నదిగా ఉండాలి. చివరికి రాగానే మొదటికి పోయి, ఆడేవాడు ఆడినంతసేపూ తిరుగుతూనే ఉండాలి. మొదట్లో ఆ పిల్ల పాటకు డోలు పెట్టింది. కంప్యూటర్లో గుండె అదిరేలా మోగింది. ఫోనులో ఎక్కిస్తే "చిట్" అంది. ఆ ఫోను స్పీకరు అలసంద గింజంత. అది పలికే స్వరాలేవో, మింగేసే స్వరాలేవో ఒక్కొక్కటే ఎక్కించి, విని, తీసేసి నేర్చుకుంది.

"ఇంత కష్టం ఏలమ్మే?" అన్నాను.

"చర్చిలో వాయించేటివన్నీ ఎవరో కట్టినేటివి తాతా. ఇది నేను కడతాండా."

ఇంతలో సాల్మన్ డ్యూటీ దిగి వచ్చాడు. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూనే నన్ను చూశాడు.

"మామా, నువ్వు కూడా ఈ పిల్లను ఎక్కియ్యొద్దు. హిందూపురంలో గార్మెంట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజరుతో మాట్లాడి పెట్టినా. వచ్చే నెల మొదట్లో చేరాల. ఆ లోపల బెంగళూరోళ్ళు సరే అంటే ఇంట్లో కూచోని ఇదే చేసుకోనీ, నేను అడ్డం రాను. కాదంటే ఆ పెట్టె మూసేసి, పోయి కుట్టుమిషను ముందర కూచోవాల."

"ఆ పెట్టెకు మూత యాడుండాదప్పా సాల్మన్?"

అతను నవ్వలేదు. ఝాన్సీ కూడా నవ్వలేదు. ఇంకో చుక్క పెట్టింది.

ఆ క్షణం నుంచి నేను గురువునైపోయాను. ఎవరూ అడగలేదు.

పాట వినిపించమన్నాను. గాడిద గిట్టలు రాళ్ళ మీద పడినట్టు గెంతుతూ పోయే చిన్న పాట. బాగుంది. కాకపోతే చివరికి వచ్చేసరికి ఎక్కడ ఆగిందో తెలియదు.

"పాట బాగుండాది. తోక లేదు."

"గాడిదకు ఉండాది కదా తాతా."

"పాటకే పిచ్చిపిల్లా."

హార్మోనియం మీది వడియాల మూట దించి తెచ్చి, ముక్తాయింపు అంటే ఏమిటో చూపించాను. నాటకంలో పద్యం చివరికి రాగానే వేషగాడు చెయ్యి పైకెత్తుతాడు. హార్మోనియం వరసను ఒకసారి తిప్పి, రెండోసారి తిప్పి, మూడోసారి ఠపీమని షడ్జం మీద దించుతుంది. షడ్జం అంటే పాట బయలుదేరిన ఇల్లు. ఇంటికి చేరితే పద్యం అయిపోయినట్టు లెక్క. అప్పుడు ఈలలు పడతాయి. "వన్స్ మోర్" అని అరుస్తారు. ముక్తాయింపు పడకపోతే జనానికి చెయ్యి కడుక్కోకుండా విస్తరి ముందు నుంచి లేచినట్టు ఉంటుంది.

ఆ పిల్ల, పెద్దవాడు చెప్పాడు కదా అని నా ముక్తాయింపును చుక్కలు చుక్కలుగా తన పాట చివర పెట్టేసింది. గాడిద గుట్ట ఎక్కుతూ ఉండగానే నా ముక్తాయింపు పడుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

పాటను ఫ్లాపీలోకి ఎక్కించి, ఆ ఫ్లాపీని గుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి హిందూపురం నెట్ సెంటరుకు పోయాం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పాట బెంగళూరుకు పోయేటప్పుడు బాగుండొద్దా?

కొన్నాళ్ళకు మా ఇంటికి ఫోన్ వచ్చింది. సాల్మన్ ఇంట్లో ఫోను లేదు, మా నంబరే ఇచ్చారు.

"తాతా, నేను శివకృష్ణను. ఝాన్సీ ఉండాదా?"

"ఉండాదిలేప్పా. ముందు పాట ఎట్లుండాదో చెప్పు."

"పాట బాగుండాది తాతా. కానీ మా ఆఫీసులో ఎవరికిచ్చినా కొంచేపు ఆడి పక్కన పెట్టేస్తాండారు. బీప్ శబ్దాలతో ఇస్తే ఇంకా ఎక్కువసేపు ఆడతాండారు. ఎందుకో మాకూ తెలీలేదు. ఇంకొక్కసారి చేసి పంపమను. ఈసారి కూడా ఇంతే అయితే బీప్‌తోనే వదిలేస్తాం."

మొదటి సగమే చెబుదామనుకున్నాను. కానీ ఆ పిల్ల నా వెనకే నిలబడి ఉంది. రిసీవరు లోపలి మాట బయటికి వినబడే ఫోను మాది.

తర్వాత గోడ అవతల నుంచి అదే పాట మోగుతూనే ఉంది. మర్నాడు వచ్చి మా గడప మీద కూర్చుంది.

"నాకు ఈ పాట అలవాటైపోయింది తాతా. తప్పు యాడుండాదో వినబడలేదు. తెలీనోళ్ళ చేతిలో పెట్టి సూడాల."

కుళ్ళాయమ్మ లోపలి నుంచి అంది: "మా చెల్లెలింటికి ధర్మవరం పోవాలని ఎప్పట్నుంచో అనుకుంటాండా. ప్యాసింజరు బండిలో జనమంతా ఊరికే కూచోనుంటారు, వాళ్ళకియ్యి. ఏమయ్యా, నువ్వూ రా. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రా."

ముగ్గురం ప్యాసింజరు ఎక్కాం. ఎదురుగా గుడిబండ నుంచి వచ్చిన తలపాగా రైతు ఒకాయన కూర్చున్నాడు. ఝాన్సీ ఫోను అతని చేతిలో పెట్టి, మీట ఎలా నొక్కాలో చూపించింది. ఆయన గాడిదను రెండు బండలు దాటించాడు. ముక్తాయింపు పడింది. తల పైకెత్తి, మెచ్చుకోలుగా ఆడించి, ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"శానా బాగుండాదమ్మా. అయిపాయె, తీసుకో."

"అయిపోలేదు పెద్దాయనా, గాడిద ఇంకా ఎక్కుతాండాది. ఆడు."

"ముక్తాయింపు పడె కదమ్మా. ఇంకేముంటాది?"

నాకు ఎంత సంతోషమైందంటే, ఆయనకు నా బీడీల కట్టలోంచి ఒకటి తీసి ఇచ్చాను. తర్వాత ఝాన్సీ ఫోనును పక్కనే కూర్చున్న గాజులమ్మే ఆమెకు ఇచ్చింది. ఆమెకు నాటకాలు తెలియవు. ఆమె కూడా ముక్తాయింపు పడగానే తలెత్తి, స్టేషన్ వచ్చిందేమోనని కిటికీలోంచి చూసింది. ఈలోగా బండ వచ్చి గాడిద మీద పడింది. ఆ తర్వాత చెనిక్కాయలు అమ్మే మనిషి. అతనూ అంతే. ఝాన్సీ ఫోను వైపు చూడనే లేదు. ఆడేవాళ్ళ మొహాలే చూస్తోంది.

"తాతా, నీ ముక్తాయింపు వచ్చినప్పుడంతా తలెత్తుతాండారు."

"మెచ్చుకుంటాండారమ్మా."

"మెచ్చుకోని ఫోను ఇచ్చేస్తాండారు."

కుళ్ళాయమ్మ కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పద్యం అయిపోయిందని ఊరంతా వినేలా చెప్పడమే నా విద్య. ఆ పిల్ల పాటేమో ఎప్పటికీ అయిపోకూడని పాట. అందులో నేను ఆట సాగినంతసేపూ "అయిపోయింది, లేవండి, ఇళ్ళకు పోండి" అని చాటింపు వేయిస్తున్నాను.

తోక తీసేయడం సులువే. కానీ తోక లేనప్పుడు ఆ పాట చివర గుంతలో పడినట్టు పడేది. మొదటికి మళ్ళినప్పుడు మళ్ళీ ఎగిరి బయటికి వచ్చేది. ఆ గుంత ఎలా పూడ్చాలో ఝాన్సీకి తెలియలేదు. నాకు అసలే తెలియదు. ధర్మవరంలో దిగేసరికి ఆ పిల్ల మొహం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడినట్టు ఉంది.

కుళ్ళాయమ్మ చెల్లెలు నరసమ్మ, ఆమె మొగుడు యల్లప్ప పట్టుచీరలు నేస్తారు. నా తోడల్లుడే కాక, వయసులో ఉన్నప్పుడు యల్లప్ప నా నాటకాలలో రాజు వేషం కట్టినవాడు. మేం పోయేసరికి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. చేతులు ఆపలేదు.

"ఏమన్నా, ఈసారి ఎవరి కొంప ముంచేకి వచ్చినావు?"

"నీది కాదులే యల్లప్పా. నువ్వు ముందే గుంతలో ఉండావు."

నరసమ్మ కాఫీలు తెచ్చింది. ఝాన్సీ కాఫీ ముట్టుకోకుండా కూర్చుంది. ఆ పిల్లను నవ్వించాలని నేను యల్లప్ప కథ ఎత్తుకున్నాను.

"ఈ మనిషిని ఎవరనుకుంటాండావు ఝాన్సీ? రొళ్ల జాతరలో రాజు. కరెంటు నమ్ముకోలేక ఆ ఏడాది పగలే నాటకం పెట్టినారు. ఎండ నడినెత్తిన ఉండాది. తెర లేసింది. రాజు రావాల. రాలే. ఏమంటే, కిరీటం అగళిలో మర్చిపోయినాడంట! సైకిలెక్కి అగళికి పాయె. జనం సూస్తే జాతర జనం, చెట్లెక్కి కూచోనుండారు. నేనేం చేయల్ల? వాయిస్తాండా. వాయిస్తాండా. రాజు లేడు. పొద్దు గుంకేదాంకా వాయించినా. ఒక్క మనిషి లేసినాడా? లేయలే!"

మగ్గం ఆగింది. యల్లప్ప నా వైపు చూశాడు.

"ఏమైంది?" అంటూ నరసమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఏం కాలేదులే" అన్నాడు యల్లప్ప. మగ్గం మళ్ళీ మొదలైంది.

ఝాన్సీ తలెత్తింది. "ఇంతసేపూ ఈ చప్పుడు నాకు వినబడనే లేదు. ఆగినాకనే వినబడె." కాసేపు మగ్గం వైపు చూసి, నా వైపు తిరిగింది. "తాతా, పొద్దు గుంకేదాంకా ఏం వాయించినావు?"

"ఏందేందో వాయించినాలేమ్మా."

"ఏందేందో అంటే కాదు. సగం దినం జనం లేయకుండా యట్ల వాయించినావు? ముక్తాయింపు వేసింటివా?"

"వేస్తే ఇంకేముండాది? అయిపోయిందని లేసి పోరా?"

"మరి షడ్జం మీదికి రాకుండా యట్ల తిప్పినావు?"

ఇప్పుడు ఇరుక్కున్నది నేను. వాళ్ళింట్లో హార్మోనియం లేదు. గొంతుతోనే ఆ రోజు వాయించింది పట్టుకోవడానికి చూశాను. పంచమం దగ్గర మొదలుపెట్టి కాస్త పైకి పోయి, దిగేటప్పుడు ఇంటి గడప దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా మళ్ళీ వీధిలోకి మళ్ళడం. రాజు తెర పక్కన కనబడితే ఠక్కున ఇంట్లోకి దూరవచ్చు. కనబడకపోతే ఇంకో చుట్టు.

"అట్లయినా సగం దినం ఇదే వింటే విసుగు రాదా తాతా?"

"శానా వాయిస్తే వస్తాది. అందుకే తక్కువ వాయిస్తాండా. నడుమ నడుమ మెట్లు నొక్కకుండా ఊరికే తిత్తి ఊదుతాండా, అంతే. జనం వాళ్ళ మాటలు వాళ్ళు మాట్లాడుకుంటాంటారు."

"ఎంతసేపు ఊరికే ఉంటాంటివి?"

ఆ పిల్ల వదిలితే కదా. ఇంత తక్కువా, అంత తక్కువా, మళ్ళీ ఎక్కడ అందుకుంటావు, అందుకునేటప్పుడు గట్టిగానా మెత్తగానా. నేను చెప్పిందాన్ని యల్లప్ప మగ్గం చప్పుడు మీద పెట్టి, వేలితో మోకాలి మీద కొట్టుకుంటూ వింది. చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేసింది.

పెనుకొండకు వచ్చాక ఆ కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. నా తోక కోసేసింది. అది సరే. తన పాటలో కూడా ఇంటికి చేరిన చోటల్లా ఆ చుక్కను చెరిపేసింది. చివరి స్వరాన్ని ఎక్కడ వదిలిందో మొదటి స్వరం అక్కడి నుంచే అడుగు వేసేలా పెట్టింది. నడుమ ఖాళీలు వదిలింది. ఆ ఖాళీల్లో గాడిద గిట్టల చప్పుడు ఒక్కటే వినబడుతుంది. విన్నాను.

"ఏముండాదమ్మా ఇందులో? పాట లేనట్టే ఉండాదే."

"ఆఁ" అంది. మొహం వెలిగిపోయింది. తిట్టినా మెచ్చుకున్నట్టు తీసుకునే మనుషులుంటారని అప్పుడే తెలిసింది.

నెలాఖరు దగ్గర పడింది. సాల్మన్ సెలవు పెట్టి, ఫ్యాక్టరీ సూపర్‌వైజరును కలిసి మాట ఖాయం చేసుకోవడానికి కూతుర్ని హిందూపురం తీసుకుపోతున్నాడు. నేనూ తయారయ్యాను. ముందు నెట్ సెంటరులో పాట పంపించాం. తర్వాత ఫ్యాక్టరీకి పోయాం. సూపర్‌వైజరు మంచిమనిషే. మొదటి తేదీ పొద్దున్నే రమ్మన్నాడు. ఝాన్సీ తల ఊపింది. ఆ పిల్ల తల ఊపిన తీరు చూసి నేను కూడా జోకు వేయలేదు. అంటే మీరే అర్థం చేసుకోండి.

తిరుగు ప్యాసింజరులో ముగ్గురం ఒకే బల్ల మీద కూర్చున్నాం. నాకు మాట లేకపోతే ఊపిరాడదు.

"ఏమప్పా సాల్మన్, కూతురు ఇన్నాళ్ళు చేసింది ఏందో ఒకసారన్నా ముట్టుకోని సూసినావా?"

"సూసేదేముంది మామా? గాడిద."

"మన ఇద్దరి మాదిరే ఉంటాది. సూడు."

ఇష్టం లేకుండానే తీసుకున్నాడు. పట్టాల మీద సుత్తి పట్టే చెయ్యి, ఆ మీట మీద బొటనవేలు పట్టడమే కష్టమైంది. గాడిద పడింది. మళ్ళీ మొదలుపెట్టాడు. పడింది. మళ్ళీ. ఇంకాసేపటికి చెప్పులు విడిచి కాళ్ళు బల్ల మీద పెట్టుకున్నాడు. చెనిక్కాయలవాడు వచ్చి అరిచి పోయాడు. బండి ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. బండి కదిలింది. సాల్మన్ తలెత్తలేదు.

నేను ఝాన్సీ వైపు చూశాను. ఆ పిల్ల నా వైపు చూసి, మాట్లాడొద్దని కళ్ళతో చెప్పింది. కిటికీలోంచి పెనుకొండ స్టేషను బోర్డు మెల్లగా వెనక్కి పోయింది.

చాలాసేపటికి గాడిద గుట్ట పైకి చేరింది. సాల్మన్ నడుం విరుచుకుని, కిటికీలోంచి చూశాడు. ఆ పట్టాల్లో ప్రతి స్లీపరూ తెలిసిన మనిషి.

"ఇదేంది, మన సెక్షను దాటిపోయినాం!"

"అవును నాయనా."

"నువ్వు సూసింటివా?"

"సూసినా."

"మామా, నువ్వు?"

"నేను నిద్రపోయినా" అన్నాను, కళ్ళు పెద్దవి చేసుకుని.

తర్వాతి స్టేషన్లో దిగి, ఎదురు బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. రైల్వే మనిషి తన స్టేషను తాను దాటిపోవడం అంటే ఎంత అవమానమో మీకు చెప్పనక్కరలేదు. పాయింట్స్‌మన్ ఒకడు అటుగా వచ్చి "ఏమన్నా, ఈడ దిగినావు?" అంటే, "పనుండాది" అన్నాడు సాల్మన్. వాడు పోయాక కూతురి వైపు చేయి చాపాడు.

"బండి వచ్చేదాంక ఉండాది కదా. ఇయ్యి."

మొదటి తేదీ ఇంకా రాకముందే మా ఇంటికి రెండో ఫోన్ వచ్చింది. శివకృష్ణే.

"తాతా, ఝాన్సీని పిలువు. పాట తీసుకున్నారని చెప్పు. మా మేనేజరు దీన్ని ఆడుతూ మీటింగు మర్చిపోయినాడు. ఇంకో ఆట ఉండాది, కోడిపుంజుది. దానికీ చెయ్యాలంట."

ఈసారి మొత్తం చెప్పాను. ఝాన్సీ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కోడిపుంజు ఎగురుతుందా, పరిగెత్తుతుందా అని అడిగింది. సాల్మన్ డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని, సైకిలు తీసుకుని బయటికి పోయాడు. వచ్చేటప్పుడు ఒక రేకు ముక్క తెచ్చాడు. పెట్టె పక్కకు సరిపోయేలా కత్తిరించి, చుట్టూ మడిచి, మరలు బిగించాడు. దుమ్ము పడకూడదట. ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకు తనే ఫోన్ చేశాడు, మా ఇంటి నుంచే.

ఇప్పుడు మీరు మొదటి మాట గుర్తుచేస్తారు. కంపెనీవాళ్ళు మా ఇంటికి రెండుసార్లు ఫోన్ చేసిన మాట నిజం. రెండుసార్లూ ఝాన్సీ కోసమే. నేను కట్టిన ముక్తాయింపు గురించి ఒకసారి, అది పోయిన సంతోషంలో ఇంకోసారి. గాడిద పాటలో నా వంతు లెక్కగడితే, ఆ పిల్ల వాయించకుండా వదిలేసిన షడ్జం ఒకటి తేలుతుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎంత విన్నా మీకది వినబడదు. దాన్ని వాయించకుండా ఉన్నవాళ్ళలో మాత్రం మొట్టమొదటివాణ్ణి నేనే.

సాల్మన్ స్టేషను దాటిపోయిన సంగతి నేను అల్లిందని అనుకుంటున్నారేమో. అది నిజం, ఆ పాయింట్స్‌మన్ ఇంకా ఉన్నాడు, అడగండి. రైతు ఫోను తిరిగి ఇచ్చింది నిజం. మేనేజరు మీటింగు సంగతి శివకృష్ణ చెప్పింది, దానికి జవాబుదారీ అతనిది.

నేను కల్పించింది ఒక్కటే. రొళ్ల జాతరలో యల్లప్ప అగళికి పోలేదు. కిరీటం అతని నెత్తి మీదే ఉంది. స్టేజీ వెనక్కి పోయి ఒక బీడీ ముట్టించాడు, అది సగం కాలేలోపల వచ్చేశాడు. నేను వాయించింది అంతసేపే. ధర్మవరంలో ఆ రోజు మగ్గం ఆగింది అందుకే. తన కోసం ఒక ఊరు పొద్దు గుంకేదాకా కాచుకుందని ఆ పిల్ల నమ్ముతోంటే, కాదని చెప్పడానికి అతనికీ నోరు రాలేదు.